చాట ముందు పెట్టుకుని మాట్లాడండి

మీరేం పని చేస్తారని ఎవరైనా అడిగితే ముప్పై ఏళ్ల పాటు ఒకటే జవాబు చెప్పాను. వింటాను, అని. బోథ్‌లో మా మేనమామ బతికినంతకాలం దానికి నవ్వాడు. “గదేం కొలువే? మేం గూడ పొద్దంత వింటనే ఉంటం గద. మమ్ముల ఎవ్వలు కుర్చేసి కూసోబెట్టరాయె!” అనేవాడు. ఆయనకు నేనెప్పుడూ సరైన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పగలనని నమ్మకం లేదు.

పోయిన వానాకాలం ఉద్యోగం విరమించాను. ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చి, “మేడం, ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ఎలా చేయాలో ఒక్క ముక్కలో చెప్పండి” అన్నారు. ఒక్క ముక్కలో అయిపోయేదైతే నేనెందుకు ఇన్నేళ్లు చేస్తాను? వాళ్లకు చాయ్ ఇచ్చి పంపించాను. తర్వాత ఆలోచిస్తే పాపం అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో ఫారాలు ఎలా నింపాలో, ఏ హోదా ఎప్పుడొస్తుందో ఉండదు. అవి మీకు మీ ఆఫీసు వాళ్లే చెప్తారు, అక్కర్లేకపోయినా చెప్తారు.

నేను రాసేది ఎక్కువగా ఒక ఇంటి గురించి, ఆ ఇంట్లో నేను చేసిన తప్పు గురించి. ఆ ఇంటివాళ్లను అడిగే రాస్తున్నాను. ఆ అమ్మాయి “రాయుండ్రి మేడం, పేరు మాత్రం మార్చుండ్రి. పెట్టేదేదో జర మంచి పేరు పెట్టుండ్రి” అంది. ఏ పేరంటే ఇష్టమని అడిగాను. రెండు రోజులు ఆలోచించి కావేరి అని చెప్పింది. మిగిలిన పేర్లు నేను పెట్టినవి.

వినడం ఎక్కడ నేర్చుకున్నాను

మాది బోథ్. బాపు పత్తి వేసేవాడు, మెథడిస్టు చర్చిలో ఆదివారం గంట కొట్టేవాడు. బుధవారం సాయంత్రం ఒక్కొక్క వారం ఒక్కొక్కరి ఇంట్లో ప్రార్థన జరిగేది. చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఎవరి కష్టం వాళ్లు దేవుడికి చెప్పుకునేవాళ్లు. నేను మా అవ్వ ఒళ్లో కూర్చుని ఒక కన్ను తెరిచి అందరినీ చూసేదాన్ని. గొంతు ఎక్కడ వణుకుతుందో, ఎవరు అసలు మాట మింగి కొసరు మాట చెప్తున్నారో పదేళ్లకే నాకు తెలిసిపోయేది.

రహస్యం దాచడం కూడా అక్కడే నేర్చుకున్నాను, అది దాగకపోవడం చూసి. బుధవారం కళ్లు మూసుకుని చెప్పిన కష్టం గురువారం పొద్దున బోరింగు దగ్గర బిందెల మధ్య తిరుగుతుండేది. మా చిన్నమ్మ ఒకసారి అలా తన మాటే తనకు తిరిగొస్తే విని, ఏడాది పాటు ప్రార్థనకు రాలేదు. ఒకరి మాట ఇంకొకరి నోట పడితే ఏమవుతుందో ఏ పుస్తకమూ నాకు అంతకన్నా బాగా చెప్పలేదు.

తర్వాత చదువు, కరీంనగర్‌లో ఒక ఆసుపత్రిలో కౌన్సెలింగ్ గది, అందులో ఇరవై రెండేళ్లు. కరోనా వచ్చి ఆ గది మూతపడ్డాక హైదరాబాద్ సంస్థ ఒకటి నన్ను ఆన్‌లైన్‌లో పెట్టుకుంది. యాభై దాటిన వయసులో హెడ్‌ఫోన్ పెట్టుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. మొదటి రోజు మ్యూట్ తీయడం మరిచిపోయి పావుగంట సేపు చాలా గొప్పగా ధైర్యం చెప్పాను.

మా జిల్లాల్లో ఆన్‌లైన్ అంటే ఏమిటో చెప్తాను. ఒకాయన సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్లెక్కి కూర్చునేవాడు. గ్రానైటు యార్డులో గుమాస్తా ఒకతను సేటు కారులో దూరి అద్దాలు ఎక్కించుకుని, చెమటలు కక్కుతూ తన పెళ్లి భయాల గురించి చెప్పేవాడు. ఇంకొకాయన బాత్రూంలో కూర్చుంటే బయట నుంచి భార్య “ఎవలతోనయ్యా గంతగనం మాటలు?” అని తలుపు బాదేది. ఆమె గురించే ఆయన చెప్తున్నాడు. నేను నవ్వు ఆపుకోలేక కెమెరా కట్టేసేదాన్ని. ఆ ఇద్దరూ ఇప్పుడు బాగున్నారు, అందుకే ధైర్యంగా రాస్తున్నాను.

పదిలో ఎంత?

సంస్థలో కొన్ని నియమాలు ఉండేవి. మాట్లాడే మనిషి ఒంటరిగా ఉండాలి. తలుపు వేసుకోవాలి. కదలకుండా కూర్చుని కెమెరా వైపు చూడాలి. మొదట్లోనే “ఇవాళ మీ ఆందోళన పదిలో ఎంత?” అని అడగాలి. ఈ నియమాలు చెడ్డవి కావు. వాటిని రాసినవాళ్ల ఇళ్లలో గదికొక తలుపు, మనిషికొక గది ఉంటాయి, అంతే.

పదిలో ఎంతని అడిగితే మా వైపు వాళ్లు ఎలా జవాబిస్తారో వినండి. చొప్పదండి పక్క ఊరి నుంచి కావేరి మొదటిసారి మాట్లాడినప్పుడు అడిగాను. ఆ అమ్మాయి బిత్తరపోయి, “మీరే ఏసుకోండ్రి మేడం, మార్కులు. నేను పదో తరగతి గూడ గట్టెక్కలే” అంది. నేను నవ్వాను. నవ్వి ఊరుకున్నాను తప్ప, ఈ ప్రశ్న ఇక్కడ పనికిరాదని అప్పుడు అనుకోలేదు. అనుకుని ఉంటే ఇంత కథ జరిగేది కాదు.

కావేరి

ఇరవై ఆరేళ్లు. భర్త మల్లేశ్ గల్ఫ్‌లో ఒక కంపెనీలో పని. పెళ్లైన ఏడాదిన్నరకు వెళ్లాడు, రెండేళ్లు దాటింది. ఇంట్లో కావేరి, అత్త లస్మవ్వ ఇద్దరే. ఇద్దరూ బీడీలు చుడతారు. అత్త చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లిన గంటలో, లోపలి గదిలో తలుపు వేసుకుని నాతో మాట్లాడేది. ఊరి ఆశా కార్యకర్త చెవిలో చెప్పి ఇచ్చిన నంబరు నాది.

“ఫోను మోగితే చాలు మేడం, పానం గుంజినట్టయితది. చేతులు సల్లబడ్తయి. ఒక్కోపారి ఊపిరి గూడ ఆడది” అంది.

ఎవరి ఫోన్ మోగితే అని అడిగితే, “మా ఆయనదే” అంది.

మల్లేశ్ రోజుకు ఆరేడుసార్లు వీడియో కాల్ చేసేవాడు. చేసినప్పుడల్లా “జర కెమెరా తిప్పు. గా గోడ సూపియ్యి. ఇగ గీ దిక్కు గోడ” అనేవాడు. ఆమె తిప్పి చూపించేది. అతను చూసి, సరేనని పెట్టేసేవాడు. రెండేళ్లుగా ఇదే వరస.

“నామీద అనుమానమే మేడం. ఇంట్ల ఎవలన్న ఉన్నరా అని గోడలు సూస్తడు. నేనేం తప్పు జేసిన?” అని అడిగింది. భర్తంటే ఆమెకు ఇష్టమే. ఇష్టం లేకపోతే ఇంత బాధ ఉండదు కదా. ఇంకా ఏమైనా చెప్పమంటే మాత్రం పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్నట్టు బిగుసుకుపోయి కెమెరాలోకి చూసేది. మూడు వారాలు ఇలాగే గడిచాయి. నాకు చిరాకొచ్చింది. నా చిరాకును ఆమె మీద జాలి అనుకున్నాను. ఈ పనిలో అతి పెద్ద ప్రమాదం ఇదే, గుర్తుపెట్టుకోండి.

నలభై ఒక్క కాల్స్

నాలుగో వారం నేను నా తెలివి చూపించాను. శిక్షణలో మాకు హద్దులు గీసుకోవడం గురించి నేర్పారు. ఎదుటివాళ్లు మన మీదికి వస్తుంటే, ఇక్కడి వరకే అని చెప్పగలగాలి. మంచి పాఠమే. నేను దాన్ని పట్టుకుని, “సోమవారం నాలుగు నుంచి ఐదు వరకు ఫోన్ సైలెంట్‌లో పెట్టు. తలుపు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నా గొంతుతో చెప్పి పంపిన శ్వాస ఆడియో వింటూ కూర్చో. ఎవరు చేసినా ఎత్తకు” అని చెప్పాను.

“ఆయనకు ముందుగాల చెప్పాల్నా మేడం?” అని అడిగింది. తెలివైన అమ్మాయి.

“వద్దు, చెప్తే మళ్లీ అతని అనుమతి అడిగినట్టే అవుతుంది” అన్నాను. ఆ మాట అన్నది నేనే. రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

సోమవారం కావేరి చెప్పింది చెప్పినట్టు చేసింది. నాలుగు దాటాక మల్లేశ్ ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఆ గంటలో మొత్తం నలభై ఒక్కసార్లు చేశాడు. తన అవ్వ లస్మవ్వకు చేస్తే, ఆమె ఫోన్ ఇంట్లో పెట్టి కార్ఖానాకు వెళ్లింది. పక్కింటికి చేశాడు. పక్కింటావిడ వచ్చి చూస్తే పట్టపగలు తలుపు లోపల నుంచి గడియ పెట్టి ఉంది. పిలిచింది, పలుకు లేదు. ఇంకేం, వాడకట్టంతా వచ్చి పడింది. ఒకరు గోడెక్కారు, ఒకరు కిటికీ బాదారు, చివరికి నలుగురు కలిసి తలుపు మీద పడి గడియ ఊడగొట్టారు.

లోపల కావేరి గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, నా గొంతు వింటూ నెమ్మదిగా ఊపిరి పీలుస్తోంది. ఆ గంటలో జీవితంలో మొదటిసారి తనకు హాయిగా అనిపించిందని తర్వాత చెప్పింది. కళ్లు తెరిచేసరికి ఇరవై మంది. ఒకామె అప్పటికే ఏడుపు మొదలుపెట్టేసింది.

ఇప్పుడు తలుచుకుంటే పొట్ట చెక్కలవుతుంది కానీ ఆ వారం నాకు అన్నం సయించలేదు. ఎందుకంటే అక్కడ గల్ఫ్‌లో మల్లేశ్ తన భార్యకు ఏదో అయిందని డ్యూటీ మధ్యలో వదిలేసి, ఇంటికి పంపమని సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడ్డాడు. తర్వాత ఆమె నిక్షేపంగా ఉందని తెలిసింది. క్యాంపులో అందరి ముందూ నవ్వులపాలయ్యాడు. ఆ కోపంలో తన మేనమామకు ఫోన్ చేసి, ఆదివారం పెద్దమనుషుల్లో పెట్టమన్నాడు. “తలుపేసుకుని ఎవలతోని మాట్లాడుతుందో తేలాలె. లేకుంటే తల్లిగారింటికి తోలుండ్రి” అన్నాడట. అనుమానంతో బాధపడుతూ వచ్చిన అమ్మాయికి నేను ఊరంతటి అనుమానం అంటగట్టాను. ఆదివారం ఆ పెళ్లి ఉంటుందో ఊడుతుందో తెలియదు.

నువ్వేనా తలుపేసుకొమ్మన్నది?

మా మేనేజరుకు చెప్పాను. “కుటుంబ గొడవ మన పరిధి కాదు మేడం, కేసు మూసేయండి” అన్నాడు. చెడ్డవాడు కాదు, ఫిర్యాదు వస్తుందని భయం. మీకూ ఇలాంటి పైవాళ్లు ఉంటారు. వాళ్ల భయాన్ని గౌరవించండి, పాటించనక్కర్లేదు.

నా కౌన్సెలింగ్ తప్పొప్పులు చూసే పెద్దావిడ సుభద్ర గారు మాత్రం నేను చెప్పిందంతా విని, “తప్పు ఎవరింట్లో చేస్తే ఆ ఇంటి గడప దగ్గరికే వెళ్లి ఒప్పుకోవాలి. నీ గడప ఫోనే కాబట్టి ఫోన్ చెయ్యి” అన్నారు.

బుధవారం పొద్దున కావేరికి ఫోన్ చేశాను. ఎత్తి, గుసగుసగా “అత్తమ్మ మాట్లాడుతదట మేడం. ఫోన్ ఇయ్యాల్నా?” అంది. నీకు ఇష్టమేనా అని రెండుసార్లు అడిగాను. ఇష్టమే అంది. తెరమీదికి ఒక పెద్ద ముఖం వచ్చింది. నెరిసిన జుట్టు, ముక్కుపుడక, ఒళ్లో చాట.

“నువ్వేనా చెల్లె, నా కోడల్ని తలుపేసుకొమ్మన్నది?”

“నేనే అక్కా. తప్పయింది.”

లస్మవ్వ కాసేపు నన్ను తేరిపార చూసింది. “సదువుకున్నోళ్లు తప్పయిందని అనంగ నేను ఇయ్యాల్నే విన్న” అంది. అని, ఫోన్‌ను తంబాకు డబ్బాకు ఆనించి నిలబెట్టి, చాట దగ్గరికి జరుపుకుంది. “మాట్లాడు మరి. మాకు పనున్నది. చేసుకుంట వింటం.”

అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. చాటల్లో నానబెట్టిన తునికాకు, కత్తెర, దారం. ఆకు కత్తిరించడం, తంబాకు వేయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. నాలుగు చేతులు ఆగకుండా ఆడుతున్నాయి. నేనేం మాట్లాడాలో తోచక ఊరుకున్నాను. ఆ తోచకపోవడమే ఆ రోజు నేను చేసిన మంచి పని.

పది బీడీలు పడ్డాయో లేదో, కావేరి తల ఎత్తకుండా మొదలుపెట్టింది. “అత్తమ్మా, ఫోను మోగితే నాకు పానం పోయినట్టయితది.” ఇంకొక ఆకు తీసుకుంది. “ఆయన గోడలు సూపియ్యమంటడు. నేను మంచిదాన్ని కాదనే గద.” దారం కట్టింది. మూడు వారాలు కెమెరాలోకి చూస్తూ చెప్పలేనిది, చాటలోకి చూస్తూ పావుగంటలో చెప్పేసింది. ఏడవలేదు. చేతులు ఆగలేదు.

మా బోథ్‌లో పత్తి ఏరేటప్పుడు ఆడవాళ్లు వరసల్లో వంగి మాట్లాడుకునే మాటలు నాకు తెలుసు. ప్రార్థనలో కూడా చెప్పని మాటలవి. చేతులు ఆడితేనే మా వాళ్లకు నోరాడుతుంది. ఇది తెలిసి తెలిసి నేను అందరినీ చేతులు కట్టించి కూర్చోబెట్టాను.

లస్మవ్వ అంతా విని, “నీమీద అనుమానం కాదు పిల్లా. వాడు చిన్నప్పటి సంది గంతే. నేను కార్ఖానకు పోతే, వచ్చేదాక గల్మల్ల, గడప మీదనే కూసొని తొవ్వ సూసేటోడు. బువ్వ గూడ తినకపోయేది” అంది. నాకు అప్పుడు తట్టింది. భయం ఒకరిది, మందు నేను ఇంకొకరికి పోస్తున్నాను.

గోడలు

శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. లస్మవ్వ మాట మీద మల్లేశ్ నాతో మాట్లాడటానికి ఒప్పుకున్నాడు, అదీ నన్ను కడిగేయడానికి. “మీ పేరేంది? మీరేడుంటరు? నా పెండ్లం తలుపేసుకుంటే మీకేమొస్తది?” అన్నాడు. అన్నింటికీ జవాబు చెప్పాను. తలుపు మాట నాదే, ఆమెది కాదు, క్షమించమన్నాను. అతని కోపానికి నిలబడటానికి చోటు లేకపోయింది.

“ఇవాళ మీ రూంలో వంట ఎవరిది?” అని అడిగాను.

“నాదే. ఎందుకు?”

“చేసుకోండి. ఫోన్ ఎక్కడన్నా ఆనించి పెట్టండి. నేనుంటాను.”

నూనె డబ్బాకు ఆనించాడు. నాకు అతని మోచేతులు, ఉల్లిగడ్డలు కనిపిస్తున్నాయి, ముఖం కనిపించడం లేదు. నాలుగో ఉల్లిగడ్డ దగ్గర మాట వచ్చింది.

“మేడం, మాకు ఇంట్లోళ్లు మంచియే చెప్తరు. చెడ్డది చెప్పరు. మా రూంల ఒకడు ఉండె. వాళ్ల బాపు సచ్చిపోతే ఇంట్లోళ్లు చెప్పలే. పరేషాన్ అయితడని దాసిండ్రు. పది రోజులైనంక వీడియోల మాట్లాడుతుంటే, ఎనక గోడకు బాపు ఫొటో కనవడ్డది. దండేసి ఉన్నది.” కత్తి ఆగింది. “గట్ల తెలిసింది వానికి. గా సంది నేను రోజు గోడలు సూస్తున్న. మా అవ్వ ఫొటో ఎక్కిందా అని. అవ్వతోని పొద్దున మాట్లాడినా, మాపటికి మల్ల గదే భయం.”

మా వైపు ప్రతి వాడలో గల్ఫ్ మనిషి ఉంటాడు. అతనికి చెడ్డ కబురు దాచడం ప్రేమ అని అందరం అనుకుంటాం. మా పెదనాన్న పోయినప్పుడు, గల్ఫ్‌లో ఉన్న ఆయన కొడుక్కు మేమూ అలాగే దాచాం.

“ఈ మాట కావేరికి చెప్పావా?” అన్నాను.

“చెప్తే నిజమైతదని భయం. మీరే చెప్పుండ్రి మేడం.”

“నేను చెప్పను. కూర పొయ్యి మీద పెట్టు, వాళ్లను కలుపుతాను, నువ్వే చెప్పు.”

కలిపాను. అక్కడ కూర ఉడుకుతోంది, ఇక్కడ బీడీలు పడుతున్నాయి, మధ్యలో నేను. మల్లేశ్ గరిటె తిప్పుతూ అదే మాట మళ్లీ చెప్పాడు. మొదటిసారి కావేరి చేతులు ఆగాయి. చుట్టిన ఆకు చేతిలోనే విచ్చుకుంది. “గీ ముక్క ముందుగాల చెప్తే ఏం పోయె?” అంది. అంటూనే కళ్ల నీళ్లు పెట్టుకుంది. “రెండేండ్ల సంది నేనేమనుకున్న, నువ్వేం సూస్తున్నవ్!”

అటువైపు మల్లేశ్ కూడా ఏడుస్తున్నాడని గొంతు చెప్తోంది. ఉల్లిగడ్డలు ఎప్పుడో అయిపోయాయి.

లస్మవ్వ ఇద్దరినీ కాసేపు ఏడవనిచ్చి, చాట పక్కన పెట్టింది. “ఓరి, నేను సచ్చేముందు నీకే ఫోన్ జేసి సస్తగని, ఫికర్ జెయ్యకు! ముందుగాల కూర సూస్కో, మాడుతుందేమో” అంది. నిజంగానే మాడింది. మల్లేశ్ గరిటె పట్టుకుని ఉరికాడు. ఇక్కడ అత్తాకోడళ్లు పగలబడి నవ్వారు. నేను కెమెరా కట్టేయకుండా నవ్వాను.

ఆ రోజు వాళ్లు ముగ్గురూ ఒక ఒప్పందం చేసుకున్నారు. నేను చేయించింది కాదు. ఇంట్లో ఏ చెడు జరిగినా ఆ గంటలోనే, అందరికంటే ముందు, కావేరి మల్లేశ్‌కు చెప్పాలి. కెమెరా తిప్పమని మల్లేశ్ అడగకూడదు. రోజుకు రెండే కాల్స్. శుక్రవారం మాత్రం ఇక్కడ చాట, అక్కడ పొయ్యి, ఎంతసేపైనా సరే.

ఆదివారం పెద్దమనుషులు వచ్చారు. లస్మవ్వ వాకిట్లో కుర్చీలు వేసి, “పంచాయితీ లేదు, ఏం లేదు. గడియ ఊడగొట్టినోళ్లు ఎవలో గడియ పెట్టిచ్చి, చాయ్ తాగి పోండ్రి” అంది. చాయ్ తాగి వెళ్లారు. గడియ కూడా పెట్టించారట.

ఏ చెయ్యి?

ఒప్పందం చేసుకోవడం సులువు. పరీక్ష ఆరు వారాలకు వచ్చింది. లస్మవ్వ వాకిట్లో జారి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆటోలో కరీంనగర్ తీసుకొస్తుంటే పక్కనున్నవాళ్లంతా “మల్లేశ్‌కు ఇప్పుడే చెప్పకు, పరేషాన్ అయితడు, కట్టు కట్టినంక చెప్పు” అన్నారు. లస్మవ్వ కూడా నొప్పిలో అదే అందట. కావేరి ఆటోలోనే ఫోన్ చేసింది. పెళ్లయ్యాక తనంతట తాను భర్తకు ఫోన్ చేయడం అదే మొదటిసారి.

మల్లేశ్ విని, “ఏ చెయ్యి?” అని అడిగాడు.

“ఎడమ చెయ్యి.”

“సరే. అయినంక చెప్పు.” అంతే.

శుక్రవారం నాతో అన్నాడు: “మేడం, అవ్వ చెయ్యి విరిగిందంటే బాధైంది. గని నాకు గా రోజు మంచిగ నిద్రవట్టింది. చెప్పిండ్రు గద. అంటే చెప్పనియి ఏం లేవన్నట్టే గద.” రెండేళ్లలో అతను నిశ్చింతగా పడుకున్నది ఆ రోజేనట.

పదిలో ఎంత అనే ప్రశ్న అప్పటికే మానేశాను. కావేరిని “ఇవాళ ఎన్ని కట్టలైనయి?” అని అడిగేదాన్ని. కట్టకు ఇరవై అయిదు బీడీలు. మనసు బాగాలేని రోజు ఆకు చిరుగుతుంది, దారం జారుతుంది, పది కట్టలు దాటేది కాదు. బాగున్న రోజు ముప్పై. అంతకన్నా కచ్చితమైన కొలత నాకు మళ్లీ దొరకలేదు. బోథ్ నుంచి ఒక రైతు మాట్లాడేవాడు. అతన్ని బోరు మోటారు విప్పుకుంటూ మాట్లాడమన్నాను. మోటారు బాగైంది, మనిషీ చాలావరకు బాగయ్యాడు. కాలేజీ లెక్చరరు ఒకామె చిక్కుడుకాయలు ఒలుస్తూ తన విడాకుల గురించి చెప్పింది. మా మేనేజరు ఒక రికార్డింగు విని, “వెనక ఆ చప్పుడేంటి మేడం?” అన్నాడు. వైద్యం, అన్నాను.

కొత్తగా వచ్చేవాళ్లకు

అలాగని రేపటి నుంచి అందరికీ చాట ఇప్పించి, అత్తగారిని పక్కన కూర్చోబెట్టకండి. అందరి అత్తలూ లస్మవ్వలు కారు. తలుపు వేసుకోకపోతే మాట బయటికి రాని ఇళ్లు నేను చాలా చూశాను, తలుపు వేసుకున్నా భద్రం లేని ఇళ్లూ చూశాను. ఏది ఏ ఇల్లో ముందు అడగండి. ఆ ఇంట్లో పగలు తలుపు మూస్తే ఎవరేమనుకుంటారో అడగండి. నేను అడగలేదు.

మందు కావాల్సిన మనిషిని మాటలతో నిలబెట్టాలని చూడకండి, డాక్టరు దగ్గరికి పంపండి. మీకు తెలియనిది తెలియదనండి. తప్పయితే తప్పయిందనండి, మేనేజరు వద్దన్నా సరే. గొంతు వణికినచోట ఆగండి. మీకు చిరాకు వస్తోందంటే మీకు అర్థం కావడం లేదని. ఇంకా చాలా రాద్దామనుకున్నాను కానీ మిగతావి మీరే పడి లేచి నేర్చుకుంటారు. అందులో ఒక సంతోషముంది, దాన్ని మీ దగ్గర నుంచి లాక్కోవడం నాకిష్టం లేదు.

ఇంకొక్క సంగతి. మీ పని ఎప్పుడు పూర్తయిందో ఎలా తెలుస్తుందని ఆ ఇద్దరు అమ్మాయిలు అడిగారు. కావేరి ఆఖరి సెషన్ గురించి చెప్తాను.

ఒక మంగళవారం పొద్దున పదకొండుకు మాట్లాడుకోవాలి. చాయ్ పోసుకుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను. ఆమె రాలేదు. ఫోన్ చేస్తే వేరే కాల్‌లో ఉందని వచ్చింది. పావుగంట ఆగి చేశాను. వేరే కాల్‌లోనే ఉంది. పదకొండున్నరకు కూడా అంతే. చాయ్ చల్లారిపోయింది, ఇంకొకటి పెట్టుకుని తాగాను. పన్నెండుకు నాకు కొంచెం కోపం, కొంచెం దిగులు కూడా వచ్చాయి. మళ్లీ ఏం జరిగిందో, ఎవరితో ఏం గొడవో అనుకుంటూ ఆ రోజంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

మర్నాడు ఆమె నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక కత్తెర చప్పుడు వినిపిస్తోంది.

“మేడం, తప్పయింది. నిన్న మన టైము నాకు యాదికే లేదు. మా ఆయనకు నేనే ఫోన్ జేసిన. ఏం పనిలేదు మేడం. ఊకెనే చేసిన.”